"ఇ.సి.జి. నార్మల్" అన్న ఒక్క మాటతో ఇంటికి వెళ్ళిపోకండి



ఛాతీ నొప్పితో ఆసుపత్రికి వచ్చిన కుటుంబానికి "ఇ.సి.జి. నార్మల్" అన్న మాట ఇచ్చే ఊరట ఇంతా అంతా కాదు. ఆ మాట చెవిన పడగానే పెద్దాయన లేచి చొక్కా వేసుకుంటారు. కొడుకు ఆటో మాట్లాడటానికి బయటకు వెళతాడు. ఇల్లు చేరేలోపే "గ్యాసేనట, ఏమీ లేదట" అని బంధువులందరికీ ఫోన్లు వెళ్ళిపోతాయి. చాలాసార్లు అది నిజమే. ఛాతీ నొప్పితో వచ్చేవారిలో ఎక్కువమందికి ఉండేది గుండెపోటు కాదు. కానీ కొందరి విషయంలో ఆ ఊరట తెల్లవారేదాకా కూడా నిలవదు.

అందుకే ఈ సంచికలో మా అభిప్రాయాన్ని సూటిగా చెబుతున్నాము. నొప్పితో ఉన్న మనిషికి తీసిన ఒకే ఒక్క ఇ.సి.జి. బాగుంటే, దానిని గుండెకు ఇచ్చిన యోగ్యతాపత్రంగా తీసుకోకూడదు. ఆ కాగితాన్ని తెలిసిన డాక్టరు చూడాలి. రోగి బాధను విని, ఆ బాధతో కలిపి చూడాలి. నొప్పి తగ్గకపోతే మళ్ళీ తీసి, మొదటి దానితో పోల్చాలి. ఇలా చేయమని అడగడం డాక్టరును తప్పుపట్టడం కాదు. అడిగే హక్కు రోగికీ, వెంట వచ్చినవారికీ ఉంది.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నామో తెలియాలంటే ఆ కాగితం మీద ఏముంటుందో కొంచెం తెలుసుకోవాలి.

కాగితం మీద గీతలు

గుండె కొట్టుకునే ప్రతిసారీ దాని కండరంలో సన్నని విద్యుత్తు పుడుతుంది. నెదర్లాండ్స్ దేశంలోని లైడెన్ నగరంలో విల్లెం ఐంథోవెన్ అనే శాస్త్రవేత్త 1900ల తొలి సంవత్సరాలలో ఆ విద్యుత్తును శరీరం పైనుంచే చక్కగా కొలిచే పరికరాన్ని తయారుచేశారు. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. యంత్రం చిన్నదైంది గాని సూత్రం నేటికీ అదే.

కాళ్ళకు చేతులకు 4, ఛాతీ మీద 6, మొత్తం 10 తీగలు అమరుస్తారు. వాటి నుంచి యంత్రం 12 రకాల గీతలు గీస్తుంది. వీటిని లీడ్స్ అంటారు. ఒకే ఇంటిని 12 చోట్ల నిలబడి చూసినట్లు అనుకోండి. కొన్ని లీడ్స్ గుండె ముందు గోడను చూస్తాయి, కొన్ని కింది గోడను, కొన్ని ఎడమ పక్క గోడను చూస్తాయి. వెనుక గోడకు ఎదురుగా మాత్రం ఈ 12లో ఒక్కటి కూడా ఉండదు. ఇంకొక సంగతి: మామూలుగా తీసే ఇ.సి.జి.లో ఉండేది 10 సెకన్ల గుండె నడక మాత్రమే. ఆ 10 సెకన్లకు ముందు ఏం జరిగిందో, ఇంకో అరగంటకు ఏం జరుగుతుందో ఆ కాగితానికి తెలియదు.

గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాలను కరోనరీ ధమనులు అంటారు. వీటిలో ముఖ్యమైనవి మూడు. ఎడమవైపు ముందుగా దిగే ధమని ముందు గోడకు రక్తం ఇస్తుంది. డాక్టర్లు దీనిని ఎల్.ఎ.డి. అంటారు. సర్కమ్‌ఫ్లెక్స్ అనేది పక్క గోడకూ, వెనుక గోడకూ ఇస్తుంది. కుడి కరోనరీ ధమని చాలామందిలో కింది గోడను పోషిస్తుంది. ధమని లోపల పేరుకున్న కొవ్వు పొర చిట్లి, దాని మీద రక్తం గడ్డకడితే దారి మూసుకుపోతుంది. ఇక అక్కడినుంచి ఆ ధమనిని నమ్ముకున్న కండరం నిమిషాల లెక్కన చచ్చుబడుతుంది. చచ్చిన గుండె కండరం తిరిగి పుట్టదు.

ఇ.సి.జి.లో ప్రతి గుండె చప్పుడుకూ ఒక పదునైన శిఖరం, దాని తరువాత ఒక గుండ్రని చిన్న అల కనబడతాయి. ఆ అలను టి అల అంటారు. శిఖరానికీ టి అలకూ నడుమ ఉండే చిన్న గీత ఎస్.టి. భాగం. ధమని పూర్తిగా మూసుకుపోయినప్పుడు, ఆ గోడను చూసే లీడ్స్‌లో ఈ ఎస్.టి. గీత పైకి లేస్తుంది. ఎదుటి వైపు చూసే లీడ్స్‌లో కిందికి దిగుతుంది. వి1 నుంచి వి4 వరకు లేస్తే ముందు గోడ ధమనిని అనుమానిస్తారు. రెండు, మూడు, ఎ.వి.ఎఫ్. లీడ్స్‌లో లేస్తే ఎక్కువగా కుడి ధమనిని అనుమానిస్తారు. ఇలా ఎస్.టి. లేచిన గుండెపోటునే స్టెమీ అంటారు. ఇది కనబడితే ఏ ఆసుపత్రి అయినా పరుగులు పెడుతుంది. పెట్టాలి కూడా.

గీత లేవని చోట

ధమని మూసుకున్న ప్రతిసారీ గీత ఇంత స్పష్టంగా లేవదు. చిక్కంతా ఇక్కడే ఉంది. డాక్టర్లు వెతికి పట్టుకోవలసిన కొన్ని గుర్తులను మీకు తెలిసేలా చెబుతాము.

మొదటిది, తొలి నిమిషాల గుర్తు. ఎస్.టి. లేవకముందే టి అల ఉబ్బి, వెడల్పుగా, శిఖరం కంటే బరువుగా కనబడుతుంది. నొప్పి మొదలైన వెంటనే వచ్చిన వారిలో ఇదొక్కటే కనబడవచ్చు. అరగంట తరువాత తీస్తే అసలు రూపం బయటపడుతుంది.

రెండవది, కింది గోడ గుండెపోటు ఆరంభం. కింది గోడను చూసే లీడ్స్‌లో మార్పు ఉందా లేదా అన్నంత స్వల్పంగా ఉంటుంది. అదే సమయంలో ఎ.వి.ఎల్. అనే లీడ్‌లో గీత కిందికి వంగుతుంది. ఆ చిన్న వంపును చూసి ఆగి ఆలోచించిన డాక్టరు ఒక ప్రాణం కాపాడగలరు.

మూడవది, వెనుక గోడ గుండెపోటు. వెనుక గోడకు ఎదురుగా లీడ్ లేదని పైన చెప్పాము. అందువల్ల అక్కడ ధమని మూసుకుంటే ముందు లీడ్స్‌లో, అంటే వి1 నుంచి వి4 వరకు, గీత లేవడానికి బదులు కిందికి దిగుతుంది. అద్దంలో తలకిందులుగా చూసినట్లన్నమాట. ఈ అనుమానం వస్తే తీగలను ఎడమ భుజపుటెముక కిందుగా వీపు మీదికి మార్చి ఇంకొక ఇ.సి.జి. తీయాలి. దీనికి కొత్త యంత్రం అక్కరలేదు. రెండు నిమిషాల ఓపిక చాలు.

నాలుగవది 2008లో నెదర్లాండ్స్ డాక్టరు డి వింటర్, ఆయన సహచరులు ఒక వైద్య పత్రికలో వివరించిన గుర్తు. ముందు లీడ్స్‌లో ఎస్.టి. గీత కిందినుంచి పైకి ఏటవాలుగా ఎక్కి, ఎత్తయిన టి అలలో కలుస్తుంది. ముందు గోడ గుండెపోటు వచ్చిన 1,532 మందిని చూస్తే 30 మందిలో, అంటే నూటికి ఇద్దరిలో, ఈ రూపం కనబడింది. గీత లేవలేదు, కాని ఎల్.ఎ.డి. మూసుకుపోయింది.

ఐదవది అన్నిటికంటే మోసపూరితమైనది. 1982లో అదే దేశంలో డాక్టర్ హైన్ వెలెన్స్ బృందం దీనిని వెల్లడించింది. నొప్పి వస్తుంది, పోతుంది. నొప్పి పోయాక తీసిన ఇ.సి.జి.లో వి2, వి3 లీడ్స్‌లో టి అల తలకిందులుగా గాని, సగం పైకి సగం కిందికి గాని కనబడుతుంది. మనిషి హాయిగా కూర్చుని కాఫీ తాగుతుంటారు. లోపల మాత్రం ముందు గోడ ధమని సన్నని దారం సందులా మిగిలి ఉంటుంది. ఆనాటి పరిశీలనలో ఈ గుర్తు ఉండి ఆపరేషన్ జరగని 16 మందిలో 12 మందికి కొద్ది వారాలలోనే పెద్ద గుండెపోటు వచ్చింది. ఇలాంటివారిని "నొప్పి లేదు కదా" అని టి.ఎం.టి. యంత్రం మీద నడిపించడం ప్రమాదం. వారికి కావలసింది త్వరగా యాంజియోగ్రామ్.

పేరు ఇరుకైపోయింది

ఇన్నేళ్ళుగా వైద్యలోకం గుండెపోట్లను రెండు గంపలుగా విడదీసింది. ఎస్.టి. లేచినవి ఒక గంప, లేవనివి ఇంకొక గంప. మొదటి గంపకు అర్ధరాత్రి అయినా తలుపు తెరుస్తారు. రెండవ గంపలోని వారిని చాలాచోట్ల మర్నాటికో, ఆ మర్నాటికో వాయిదా వేస్తారు. 2017లో యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో 40,777 మంది రోగుల వివరాలను కలిపి లెక్కించిన ఒక సమీక్ష వచ్చింది. ఎస్.టి. లేవలేదని రెండవ గంపలో వేసిన వారిలో నూటికి 25.5 మందికి, యాంజియోగ్రామ్ చేసి చూస్తే, ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది. వారిలో మరణాలు కూడా మిగిలినవారి కంటే ఎక్కువ.

అందుకే 2018 నుంచి అమెరికాలో డాక్టర్ స్టీఫెన్ స్మిత్, డాక్టర్ పెండెల్ మేయర్స్ మొదలైనవారు "గీత లేచిందా" అన్న ప్రశ్నను పక్కనపెట్టి "ధమని మూసుకుందా" అని అడగండి అంటున్నారు. మేము వారి వాదనతో ఏకీభవిస్తున్నాము. గీత ఒక గుర్తు మాత్రమే. మనం బాగు చేయవలసింది ధమనిని. 2022లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ కూడా వెనుక గోడ గుండెపోటును, డి వింటర్ గుర్తును, ఉబ్బిన టి అలలను స్టెమీతో సమానంగా గుర్తించవలసిన వాటి జాబితాలో చేర్చింది.

యంత్రం కాగితం పైభాగంలో అచ్చువేసే మాటల గురించి కూడా చెప్పాలి. యంత్రం కొలతలు బాగా తీస్తుంది, కాని రోగికి చెమటలు పడుతున్నాయని దానికి తెలియదు. పైన చెప్పిన చిన్న మార్పులను వదిలేసి నార్మల్ అని అచ్చువేయగలదు. ఏమీ లేనివారికి గుండెపోటు అని కూడా అచ్చువేయగలదు. కాబట్టి ఆ అక్షరాలు చదివి మీరు భయపడనూ వద్దు, ధైర్యపడనూ వద్దు.

కాదనేవారి మాట

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. ప్రతివారికీ మళ్ళీ మళ్ళీ ఇ.సి.జి. తీస్తూ కూర్చుంటే రద్దీ ఆసుపత్రిలో పని సాగుతుందా అని కొందరు అడుగుతారు. చిన్న మార్పులన్నిటినీ గుండెపోటు అనుకుంటే అనవసరంగా యాంజియోగ్రామ్‌లు పెరగవా అని మరికొందరు అంటారు. ఈ రెండవ మాటలో న్యాయం ఉంది. ఆరోగ్యంగా ఉన్న యువకులలో కూడా ఎస్.టి. గీత కొంచెం లేచి ఉండవచ్చు. ఎన్నో ఏళ్ళుగా బి.పి. ఉన్నవారిలోను, గుండె పైపొర వాచినవారిలోను కూడా గీతలు మారతాయి. లేచిన ప్రతి గీతా మూసుకున్న ధమని కాదు.

అయితే ఈ సందేహాన్ని తీర్చే అతి చవకైన ఉపాయం కూడా రెండవ ఇ.సి.జి.యే. ఎప్పటినుంచో ఉన్న మార్పు అరగంట తరువాత కూడా అలాగే ఉంటుంది. మూసుకుంటున్న ధమని గీత అరగంటలో మారుతుంది. మొదటి ఇ.సి.జి.తో విషయం తేలక, అనుమానం బలంగా ఉంటే తొలి గంటలో 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి తీయాలని 2014లోనే అమెరికా హృద్రోగ సంఘాల మార్గదర్శకాలు చెప్పాయి. ఛాతీ నొప్పితో వచ్చినవారికి 10 నిమిషాలలోపే మొదటి ఇ.సి.జి. తీసి, చూడాలన్నది 2021 మార్గదర్శకాలలోనూ ఉంది. ఇంకొక ఇ.సి.జి. కాగితానికి అయ్యే ఖర్చును, ఒక ఇంటి యజమాని శేష జీవితమంతా ఆయాసంతో మంచం పట్టడాన్ని పక్కపక్కన పెట్టి చూడండి.

ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష ఉంది కదా, అది చాలదా అని అడిగేవారున్నారు. అది మంచి పరీక్షే. కాని కండరం దెబ్బతిన్న తరువాతే ట్రోపోనిన్ రక్తంలోకి వస్తుంది. నొప్పి మొదలైన తొలి గంటల్లో అది మామూలుగా ఉండవచ్చు. దానిని కూడా మళ్ళీ చేయవలసిందే.

మన దేశంలో పోతున్న సమయం

దోషమంతా ఆసుపత్రుల మీదే వేయడం న్యాయం కాదు. మన దేశంలోని 89 ఆసుపత్రులలో 20,468 మంది గుండె రోగులను పరిశీలించి 2008లో ప్రచురించిన నివేదిక ప్రకారం, నొప్పి మొదలైన తరువాత ఆసుపత్రి చేరేసరికి మధ్యస్థంగా 360 నిమిషాలు, అంటే ఆరు గంటలు, గడిచిపోయాయి. ఆసుపత్రి చేరాక గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి పట్టింది 50 నిమిషాలు. అంటే ఎక్కువ సమయం ఇంట్లోనే పోయింది. సోడా తాగి చూద్దాం, వాము నమిలి చూద్దాం, బామ్ రాసి పడుకుందాం, తెల్లవారాక వెళదాం అనుకుంటూ పోయింది. పైగా 2007లో వచ్చిన మరొక పరిశీలన ప్రకారం దక్షిణ ఆసియావారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోంది. మిగిలిన దేశాల వారి సగటు వయస్సు దాదాపు 59. ఇంకా పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు తీరని వయస్సు అది.

బాగుపడే మార్గం కూడా కనబడుతోంది. తమిళనాడులో చిన్న ఆసుపత్రులను పెద్ద కేంద్రాలతో కలిపి చికిత్స చేసిన ప్రయత్నంలో, స్టెమీ రోగులలో ఏడాదిలోపు మరణాలు నూటికి 17.6 నుంచి 14.2కు తగ్గాయని 2017లో ప్రచురించారు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2023లో స్టెమీ కార్యక్రమం మొదలైంది. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో తీసిన ఇ.సి.జి.ని దూరాన ఉన్న గుండె నిపుణులకు పంపి, వారి సలహా మీద గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇవ్వడం దాని పద్ధతి. ఇది మంచి అడుగు. ఆ నిపుణులకు పంపే కాగితాలలో గీత లేవని గుర్తులు కూడా చేరాలన్నదే మా కోరిక.

కుటుంబం చేయగలిగినవి

ఇ.సి.జి. చదవడం మీరు నేర్చుకోవాలని మేము చెప్పడం లేదు. వాట్సాప్‌లో ఎవరికో పంపి జవాబు కోసం ఇంట్లో ఎదురుచూడవద్దు. ఈ కొద్ది సంగతులు చాలు.

ఛాతీలో బరువు, నొక్కినట్లు బాధ, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లని చెమట, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి, లేదా వెంటనే దగ్గరి ఆసుపత్రికి బయలుదేరండి. బండి మీరే నడుపుకుంటూ రావద్దు. షుగర్ ఉన్నవారిలో, స్త్రీలలో, వయస్సు పైబడినవారిలో నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, వాంతి, నీరసంగా కూడా గుండెపోటు రావచ్చు. అమ్మగారు "నాకేమీ లేదు, పని అలసట" అన్నా వినకండి.

నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో రాసి తెచ్చి చెప్పండి. నొప్పి వచ్చి పోయినా సరే, వచ్చిందని తప్పక చెప్పండి. పక్కింటివారి సార్బిట్రేట్ మాత్రను నాలుక కింద పెట్టవద్దు. కొన్ని రకాల గుండెపోటులో దానివల్ల బి.పి. ఒక్కసారిగా పడిపోవచ్చు. ఆస్పిరిన్ కూడా డాక్టరో, 108 సిబ్బందో చెబితేనే నమలండి.

ఆసుపత్రిలో మర్యాదగా మూడు మాటలు అడగండి: "ఈ ఇ.సి.జి.ని డాక్టరుగారు చూశారా? నొప్పి ఇంకా ఉంది, మళ్ళీ ఒకటి తీస్తారా? పాత దానితో పోల్చారా?" ఈ మాటలకు మంచి డాక్టరు ఎవరూ నొచ్చుకోరు. ఇంటికి పంపితే, నొప్పి తిరిగి వచ్చినప్పుడు ఎక్కడికి రావాలో అడిగి తెలుసుకోండి. తిరిగి వస్తే మొహమాటపడకుండా ఆ రాత్రే రండి.

చివరిగా ఒక చిన్న పని. మీ ఇంట్లో నలభై దాటినవారికి ఎప్పుడైనా తీసిన ఇ.సి.జి. ఉంటే ఈ వారమే వెదకండి. ఆ కాగితం వేడితో అచ్చయ్యేది గనుక కొన్నేళ్ళకు గీతలు వెలిసిపోతాయి. జిరాక్స్ తీయించి తేదీ వేసి రేషన్ కార్డు, ఆధార్ ఉన్న కవరులోనే పెట్టండి. సెల్‌ఫోనులో ఒక ఫోటో కూడా ఉంచండి. ఏదో ఒక రాత్రి మాలాంటి డాక్టరు ఒకరు కొత్త కాగితాన్ని చేతిలో పట్టుకుని ఇది పాత మార్పా, ఇప్పుడు వచ్చిందా అని ఆలోచిస్తున్నప్పుడు, మీరు చూపించే ఆ పాత కాగితమే ఆయనకు జవాబు అవుతుంది.